గీసింది మనం, తాళం ఎవరిది? బడిలో ఓపెన్ సోర్స్, త్రీడీ మోడలింగ్

రెండేళ్ల కిందట జూన్‌లో, బడి తెరిచిన రెండో రోజే తొమ్మిదిలోకి వచ్చిన ఒక అమ్మాయి ల్యాబ్ గుమ్మంలో నిలబడింది. అంతకుముందు ఏడాది తను కంప్యూటర్‌లో ఒక కుళాయి పిడి గీస్తూ ఉండేది. మా నీళ్ల ట్యాంకు కింద వరసగా ఉన్న కుళాయిల్లో రెండింటికి పిడులు ఊడిపోయాయి. మధ్యాహ్నం భోజనం అయ్యాక పిల్లలు కటింగ్ ప్లేయర్‌తో తిప్పుకుని చేతులు కడుక్కునేవాళ్లు. వాటికి సరిపోయే పిడి తనే చేస్తానని ఫిజిక్స్ ల్యాబ్‌లోంచి వెర్నియర్ కాలిపర్స్ పట్టుకెళ్లి, కుళాయి మొన కొలిచి, నోట్‌బుక్‌లో రాసుకుంది. మార్చి నాటికి పని ముప్పాతిక వంతు అయింది. తర్వాత పరీక్షలు, సెలవులు. జూన్‌లో ఫైలు తెరవబోతే లైసెన్స్ గడువు తీరిపోయిందన్న మెసేజ్ వచ్చింది.

ఆ సాఫ్ట్‌వేర్‌ని పరికరాలతో పాటు ఒక కంపెనీ వాళ్లు ఇచ్చారు. మొదటి ఏడాది డబ్బులు కట్టక్కర్లేదు. రెండో ఏడాదికి కట్టాల్సిన మొత్తం చూశాక హెడ్‌మాస్టర్ గారు ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టేశారు. ఫైలు మా హార్డ్ డిస్క్‌లోనే భద్రంగా ఉంది. దాన్ని తెరిచే అధికారం మాత్రం మాకు లేదు.

"నేను గీసిందే కదా టీచర్, నాకెందుకు చూపించదు?" అని అడిగింది ఆ పిల్ల.

నేను చెప్పేది ఫిజికల్ సైన్స్. కంప్యూటర్ ల్యాబ్ తాళాలు కూడా నా దగ్గరే ఉంటాయి. అయినా ఆ రోజు తనకి జవాబు చెప్పలేకపోయాను. తర్వాత మా ల్యాబ్ మొత్తాన్ని ఓపెన్ సోర్స్‌లోకి, అంటే లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉండి ఎవరైనా వాడుకుని పంచుకోగలిగే సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాం. ఈ దారిలో ఏది ఎందుకు చిక్కుపడుతుందో, ఆ చిక్కు ఎలా విప్పాలో ఇప్పుడు కొంత తెలుసు. ఇలాంటి ల్యాబ్ తాళాలు చేతిలో ఉన్న ఇతర టీచర్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

ఇంగ్లీషులో ఈ రెండింటికీ ఒకటే మాట, ఫ్రీ. అందుకే అక్కడ నలభై ఏళ్లుగా ఈ తేడా వివరించుకుంటూనే ఉన్నారు. మనకి రెండు మాటలు ఉన్నాయి, ఆ కష్టం లేదు. అద్దె తీసుకోకుండా ఉండనిచ్చిన ఇల్లు ఉచితం. పట్టా మన పేరున ఉన్న ఇల్లు సొంతం. ఉండనిచ్చిన ఆయన ఎంత మంచివాడైనా, కొడుకు అమెరికా నుంచి తిరిగొస్తే మనం సామాను సర్దుకోవాల్సిందే.

అమెరికా ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రకటించింది ఈ పట్టా కోసమే. ఆయన చెప్పిన స్వేచ్ఛలు నాలుగు. ఏ పనికైనా వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూడొచ్చు, పక్కవాళ్లకి కాపీ ఇవ్వొచ్చు, మార్చి ఆ మార్చినదాన్ని కూడా పంచొచ్చు. సోర్స్ కోడ్ చదివే పని మన పిల్లల్లో నూటికి తొంభై తొమ్మిది మందికి ఎప్పటికీ పడకపోవచ్చు. బడికి నిజంగా అక్కరకొచ్చేది మూడోది. పిల్ల పెన్‌డ్రైవ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంటికి పట్టుకెళ్లి అన్నయ్య కంప్యూటర్‌లో వేసుకుంటే అది దొంగతనం కాదు. పదో తరగతి అయ్యాక ఇంటర్ కాలేజీకి వెళ్లినా, పాలిటెక్నిక్‌కి వెళ్లినా, చదువు మానేసి వెల్డింగ్ షాపులో చేరినా, అది తనతోనే ఉంటుంది.

ఉచితంగా ఇచ్చినవి ఎలా వెళ్లిపోతాయో త్రీడీ మోడలింగ్, అంటే కంప్యూటర్‌లో వస్తువుల ఘనాకారాలు గీసే రంగంలోనే చూశాం. ఆటోడెస్క్ కంపెనీ వాళ్ల 123డీ అనే ఉచిత యాప్‌ల కుటుంబాన్ని పిల్లలు, హాబీగా బొమ్మలు చేసేవాళ్లు ఇష్టంగా వాడేవారు. 2017లో దాన్ని మూసేశారు. స్కెచప్ అనే మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌ని గూగుల్ 2006లో కొని, 2012లో ట్రింబుల్ కంపెనీకి అమ్మేసింది. డెస్క్‌టాప్ మీద నడిచే ఉచిత స్కెచప్ 2017 వెర్షన్‌తో ఆగిపోయింది. ఆటోడెస్క్ వాళ్లదే ఇంకో మోడలింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్యూజన్ 360 సొంత అవసరాలకి ఇప్పటికీ ఉచితమే, కానీ 2020లో ఒకసారికి పది ఫైళ్లే మార్చుకోవచ్చని హద్దు పెట్టారు. ఇందులో ఎవరూ మోసం చేయలేదు. వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం. అయిదేళ్ల పాఠాలు ఆ ఇంట్లో కట్టుకోవడం మాత్రం బడికి తెలివైన పని కాదు.

దీనికి ఎదురు కథ బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌ది. నెదర్లాండ్స్‌లో టోన్ రోసెండాల్ దాన్ని తన యానిమేషన్ స్టూడియో కోసం మొదలుపెట్టారు. తర్వాత దాన్ని అమ్మడానికి పెట్టిన కంపెనీ 2002లో దివాలా తీసింది. మామూలుగా అయితే సాఫ్ట్‌వేర్ కూడా అక్కడితో పోవాలి. వాడేవాళ్లంతా చందాలు వేసుకుని, ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి, ఆ కోడ్‌ని పెట్టుబడిదారుల దగ్గర విడిపించుకున్నారు. 2002 అక్టోబర్ 13న అది ఆ నాలుగు స్వేచ్ఛలూ ఇచ్చే జీపీఎల్ లైసెన్స్ కింద అందరిదీ అయింది. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాట్వియా సినిమాని బ్లెండర్‌లోనే తీశారు. ఊళ్లో గుడి కోసం చందా పోగేసినట్టు పోగేస్తే, ఆ గుడికి ఇరవై ఏళ్ల తర్వాత ప్రపంచమంతా వచ్చిందన్నమాట. పిల్లలకి ఈ కథ ప్రతి ఏడాదీ చెప్తాను.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆరో తరగతి పిల్లలకి మొదటి గంట పాఠానికి, బ్రౌజర్‌లోనే ఆకారాలు పేర్చి బొమ్మ చేసే టింకర్‌క్యాడ్‌ని మించింది నేను చూడలేదు. అది ఓపెన్ సోర్స్ కాదు. ఇంటర్నెట్ ఉండాలి, అకౌంట్లు ఉండాలి. నెట్ ఉన్న రోజున వాడతాను. ఆ ఆకారాల ఆట ఆడాక పిల్లలకి భయం పోతుంది. కానీ ఏడాది పొడవునా దాచుకోవాల్సిన పని దాని మీద చేయించను.

పాత కంప్యూటర్లతో కాపురం

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రత చిప్, దాదాపు ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసరో అంతకంటే కొత్తదో కావాలి. ప్రభుత్వ బడుల ల్యాబ్‌లు చూసినవాళ్లకి తెలుసు, అక్కడ ఉన్నవి మూడో తరం, నాలుగో తరం మెషిన్లు. వాటిని తుక్కు కింద తూచడమా, విండోస్ బదులు లైనక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేయడమా అన్నదే అసలు ప్రశ్న.

మేం లైనక్స్ మింట్‌లో తేలికపాటిదైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేశాం. డబ్బు ఖర్చు పెట్టింది ఒక్కదాని మీదే. పాత హార్డ్ డిస్కులు తీసి చిన్న ఎస్‌ఎస్‌డీలు పెట్టించాం. ఎవరైనా నన్ను సలహా అడిగితే ర్యామ్ కంటే ముందు ఇదే చేయమంటాను. కంప్యూటర్ తెరుచుకునేలోపే పీరియడ్‌లో పావు వంతు పోయే బాధ దీంతో తప్పింది. ఒక మెషిన్‌ని పూర్తిగా సిద్ధం చేసి, క్లోన్‌జిల్లా అనే డిస్క్ కాపీ సాఫ్ట్‌వేర్‌తో దాన్ని మిగతా వాటికి అచ్చు దించాం. ఇప్పుడు ఏదైనా మెషిన్ పాడైతే, మరుసటి రోజు ప్రార్థన అయ్యేసరికి మళ్లీ అదే స్థితికి తెచ్చేస్తాను.

మోడలింగ్ సాఫ్ట్‌వేర్ దగ్గర ఒక చిక్కు ఉంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. కొత్త బ్లెండర్ వేస్తే తెరుచుకోదు. "లైనక్స్‌లో బ్లెండర్ రాదంట" అని వదిలేస్తారు. విషయం లైనక్స్‌ది కాదు. బ్లెండర్ 4.0 నుంచి గ్రాఫిక్స్ చిప్‌కి ఓపెన్‌జీఎల్ (తెర మీద బొమ్మ గీయించే ఆదేశాల ప్రమాణం) 4.3 తెలిసి ఉండాలి, పాత చిప్‌లకి అది రాదు. 3.6 వెర్షన్‌కి ఓపెన్‌జీఎల్ 3.3 చాలు. పాత వెర్షన్లన్నీ బ్లెండర్ సైట్‌లోనే దొరుకుతాయి, ఎవరినీ అడగక్కర్లేదు. ల్యాబ్ అంతా ఒకే వెర్షన్ ఉండాలన్నది ఒక్కటే జాగ్రత్త. కొత్త దాంట్లో సేవ్ చేసిన ఫైలు పాత దాంట్లో తెరిస్తే కొన్ని వివరాలు పోవచ్చు.

ఓపెన్ సోర్స్ అంటే ఖర్చే ఉండదని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. లైసెన్స్ డబ్బు మిగులుతుంది, అది నిజం. దాని బదులు మనిషి టైమ్ పడుతుంది. ప్రింటర్ డ్రైవర్ దొరక్క ఒక ఆదివారం పోతుంది. తెలుగు కీబోర్డు పెట్టడానికి ఒక సాయంత్రం. పిల్లల ఫైళ్లు ఒకరివి ఒకరు చెరిపేసుకోకుండా విడివిడి లాగిన్‌లు చేయడానికి ఒక వారం. కరెంటు పోయిన ప్రతిసారీ ఏదో ఒక మెషిన్ అలుగుతుంది. ఈ గంటలు ఎవరి లెక్కలోకీ రావు. ఎంత పెద్ద పథకమైనా ఈ గంటల్ని లెక్కలోకి తీసుకోకపోతే, రెండో ఏడాదికి ల్యాబ్ గది మీద దుమ్ము పేరుకుంటుంది. నా అనుభవంలో ఇదే అసలు సమస్య. మిగతావన్నీ దీని తర్వాతే.

మట్టి పని, చెక్క పని

త్రీడీ మోడలింగ్ అనగానే అంతా ఒకటే అనుకుంటారు. నిజానికి అవి రెండు వేరు వేరు చేతి పనులు. బడిలో ఈ తేడా మొదటి రోజే చెప్పకపోతే పిల్లలు గందరగోళపడతారు.

బ్లెండర్‌ది మట్టి పని. వినాయక చవితికి మట్టి ముద్ద పెట్టుకుని, ఇక్కడ నొక్కి, అక్కడ లాగి, తొండం తీసినట్టు ఉంటుంది. లోపల ఉండేది చుక్కలు, వాటిని కలిపే గీతలు, గీతల మధ్య పలకలు. ఏ చుక్కని పట్టుకుని ఎటు లాగినా కుదురుతుంది. ఏనుగు, చెట్టు, మనిషి ముఖం, సినిమాలో పాత్ర, వీటికి ఇదే దారి. కొలత ఇక్కడ కంటిది.

ఇంకో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఫ్రీక్యాడ్‌ది వడ్రంగి పని. టేపు లేకుండా మొదలవ్వదు. ముందు ఒక సమతలం మీద గీత గీస్తాం, కొలతలు చెప్తాం, ఆ గీత నుంచి ఘనం తీస్తాం. తలుపు, గేరు, కుళాయి పిడి, పైపు జాయింట్, ఇవి దీని సొత్తు. ఇందులో గొప్ప విషయం ఏంటంటే మనం చేసిన ప్రతి మెట్టునీ అది గుర్తుపెట్టుకుంటుంది. మొదటి మెట్టులో 7 మిల్లీమీటర్లు అన్న అంకెని 7.3 చేస్తే, దాని మీద కట్టినదంతా దానంతట అదే సర్దుకుంటుంది. దర్జీ దగ్గర కొలతల పుస్తకంలో ఒక అంకె దిద్దితే, కుట్టిన జాకెట్టు తనే వదులైనట్టు.

ఘనం తీసే పద్ధతులు నేర్పడానికి మన వంటిల్లు చాలు. జంతికల గొట్టంలో పిండి పెట్టి నొక్కితే, బిళ్లకి ఉన్న చిల్లు ఏ ఆకారంలో ఉంటే జంతిక అదే ఆకారంలో సాగుతుంది. ఎక్స్‌ట్రూడ్ అంటే అదే. ఫ్రీక్యాడ్‌లో దాని పేరు ప్యాడ్. గారె మధ్యలో వేలుతో చిల్లు పెట్టడం పాకెట్. ఇక రివాల్వ్ అనే పనిని చూపించడానికి నేను ప్రతిసారీ బొంగరం తీసుకెళ్తాను. బొంగరాన్ని నిలువుగా సగానికి కోసినట్టు ఊహించుకుని, ఒక పక్క అంచు మాత్రమే గీయమంటాను. ఆ అంచుని మధ్య గీత చుట్టూ 360 డిగ్రీలు తిప్పగానే తెర మీద బొంగరం నిలబడుతుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిమెన మీద తిప్పుతూ ఉలి పట్టే పనివాళ్లు చేసేది సరిగ్గా ఇదే. ఉలి కదిలిన దారే ఆ బొమ్మ అంచు. ఈ పోలిక చెప్పిన రోజున ఒక పిల్లాడు లక్కపిడతల సెట్టు మొత్తం గీసేశాడు.

ఇప్పుడు కొంచెం దగ్గరగా చూద్దాం. ఫ్రీక్యాడ్ స్కెచ్‌లో ఒక వృత్తం గీయండి. పక్కనున్న ప్యానెల్‌లో దీనికి ఇంకా మూడు స్వేచ్ఛలు ఉన్నాయని చూపిస్తుంది. పిల్లలు అడుగుతారు, మూడు ఏంటి టీచర్ అని. మౌస్‌తో లాగి చూడమంటాను. అడ్డంగా జరుగుతుంది, నిలువుగా జరుగుతుంది, అంచు పట్టి లాగితే పెద్దదీ చిన్నదీ అవుతుంది. కేంద్రాన్ని మూలబిందువు మీదికి కట్టేస్తే రెండు పోయి ఒకటి మిగులుతుంది. వ్యాసార్థం చెప్పగానే అది కూడా పోయి, గీత ఆకుపచ్చగా మారుతుంది. ఇక ఎంత లాగినా కదలదు. ఒక ఆకారాన్ని పూర్తిగా చెప్పడానికి ఎన్ని సంగతులు కావాలి అన్నది లెక్కల పాఠంలో ఎంత చెప్పినా ఎక్కనిది, ఆ ఆకుపచ్చ రంగుతో ఎక్కేస్తుంది. నాకు ఈ మొత్తం పనిలో బాగా ఇష్టమైన క్షణం ఇదే. మోడలింగ్ ఉద్యోగం ఇస్తుందో లేదో నాకు తెలీదు. ఈ ఆలోచన మాత్రం ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

ఫ్రీక్యాడ్‌కి చాలాకాలం ఒక జబ్బు ఉండేది. మొదటి మెట్లలో ఏదైనా మార్చితే, చివర్లో పెట్టిన చిల్లు వేరే ముఖం మీదికి ఎగిరిపోయేది. కారణం సులువే. అది ముఖాలకి వరస నంబర్లు ఇచ్చి, "ఆరో ముఖం మీద చిల్లు" అని గుర్తుపెట్టుకునేది. మధ్యలో కొత్త ముఖం పుడితే నంబర్లు మారతాయి. మా తరగతిలో కొత్త పిల్ల చేరి రోల్ నంబర్లు మళ్లీ రాస్తే, ఆరో నంబర్ మార్కులు ఇంకొకరికి పడ్డట్టు. 2024 నవంబర్‌లో వచ్చిన 1.0 వెర్షన్‌లో దీన్ని చాలావరకు సరిచేశారు. అంతకుముందు వాడి విసిగిపోయినవాళ్లు మళ్లీ ఒకసారి చూడాలని నా కోరిక.

కోడ్ రాయడం ఇష్టపడే పిల్లలకి ఓపెన్‌స్క్యాడ్ ఉంది. అందులో మౌస్‌తో గీయడం ఉండదు. ఘనం ఇంత, స్థూపం ఇంత, రెండోది మొదటి దాంట్లోంచి తీసేయ్ అని రాస్తే బొమ్మ వస్తుంది. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఫర్ లూప్‌తో మెట్లు కట్టించిన పిల్లాడికి లూప్ అంటే ఏంటో మళ్లీ చెప్పక్కర్లేదు.

బియ్యమా, అన్నమా

ఫైళ్ల రకాల గురించి ఎవరూ చెప్పరు, తర్వాత అందరూ బాధపడతారు. మోడల్‌ని ప్లాస్టిక్‌తో అచ్చువేసే త్రీడీ ప్రింటర్‌కి పంపే ఎస్‌టీఎల్ ఫైలులో ఉండేవి త్రిభుజాలు మాత్రమే. కొలతలు ఎలా వచ్చాయి, చిల్లు ఏ మెట్టులో పెట్టాం అన్నది అందులో ఉండదు. అది వండిన అన్నం. మళ్లీ బియ్యం చేయలేం. స్టెప్ అనే ఇంకో రకం ఫైలు కొంత నయం, వంపులు కచ్చితంగా ఉంటాయి, కానీ మెట్లు పోతాయి. అందుకే పిల్లలు దాచుకోవాల్సింది అసలు ఫైలు.

ఫ్రీక్యాడ్ అసలు ఫైలు నిజానికి ఒక జిప్ మూట. ఒక కాపీ తీసి, చివరి అక్షరాలు మార్చి జిప్ అని పెట్టి తెరిస్తే, లోపల మామూలు అక్షరాల్లో చదవగలిగే ఫైలు ఉంటుంది. ఒక పీరియడ్‌లో అందరినీ అది తెరవమన్నాను. కాసేపు వెతికి, "టీచర్, నా 7 దొరికింది" అని అరిచింది కుళాయి పిడి పిల్ల. తను స్కెచ్‌లో పెట్టిన కొలత అక్కడ అంకెగా కనిపిస్తోంది. జూన్‌లో అడిగిన ప్రశ్నకి ఆ రోజు జవాబు దొరికింది. ఏ కంపెనీ మూతపడినా, ఏ గడువు తీరినా, ఆ అంకెని దాచగలిగేవాళ్లు ఎవరూ లేరు.

లక్ష్మి అని రాస్తే ఏడు ముక్కలు

పిల్లలందరూ మొదట అడిగేది తమ పేరు. ఇంగ్లీషులో రాస్తే క్షణంలో అయిపోతుంది. తెలుగులో రాద్దామంటే బ్లెండర్‌లో అక్షరాలు చెదిరిపోతాయి. లక్ష్మి అని టైప్ చేస్తే ఒత్తులు కిందికి రావు, పొల్లులు విడిగా నిలబడతాయి. ఆ అమ్మాయి ముఖం చిన్నబోతుంది. తప్పు తనదని అనుకుంటుంది.

తప్పు తనది కాదు. కంప్యూటర్ లోపల లక్ష్మి అంటే వరసగా ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని ఒత్తుగా మార్చి కింద పెట్టాలన్న నియమం ఫాంటులో ఉంటుంది. ఆ నియమాన్ని చదివి అమలు చేసే పనివాడు మాత్రం వేరే ఉండాలి. ఓపెన్ సోర్స్‌లో ఆ పనివాడి పేరు హార్ఫ్‌బజ్. బ్లెండర్‌లోని త్రీడీ అక్షరాలకీ, ఫ్రీక్యాడ్‌లోని అక్షరాల పరికరానికీ మేం వాడే వెర్షన్లలో ఆ సాయం అందలేదు.

దారి ఉంది. గీతల బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో రాయాలి, దానికి తెలుగు చక్కగా వస్తుంది. రాశాక ఆబ్జెక్ట్ టు పాత్ అనే ఆదేశం ఇస్తే అక్షరం అక్షరంగా ఉండటం మానేసి గీతగా మారిపోతుంది. దాన్ని ఎస్‌వీజీ అనే గీతల ఫైలుగా సేవ్ చేసి బ్లెండర్‌లోకి తెచ్చుకుంటే చెదరదు. వచ్చేటప్పుడు చాలా చిన్నగా వస్తుంది, కనపడలేదని కంగారుపడకుండా పెద్దది చేసుకోవాలి. తర్వాత మందం ఇవ్వడమే.

అక్కడితో అయిపోలేదు. తెలుగు ఒత్తు పై అక్షరాన్ని తాకదు, గాలిలో వేలాడుతుంది. ప్రింట్ చేస్తే పేరు ఒకచోట, ఒత్తులు ఒకచోట రాలిపోతాయి. అందుకని కింద రెండు మిల్లీమీటర్ల పలక తప్పనిసరి. సన్న గీతలున్న ఫాంటు పెట్టినా ప్రింటర్ ఆ గీతల్ని మింగేస్తుంది, దాని మొన రంధ్రమే 0.4 మిల్లీమీటర్లు. రామభద్ర లాంటి లావు అక్షరాల ఫాంటు అయితే బాగా వస్తుంది, అది స్వేచ్ఛా లైసెన్స్‌లోనే ఉంది. ఈ లోటు సోర్స్ కోడ్‌లో సరిచేయదగ్గది. ఆ పని చేయగల తెలుగువాళ్లు హైదరాబాద్ నుంచి డాలస్ దాకా వేలల్లో ఉన్నారు. ఎవరో ఒకరు పూనుకుంటే మన ఆరో తరగతి పిల్లలు తమ పేరు నేరుగా రాసుకుంటారు. ఇది నా విన్నపం.

ప్రింటర్ లేకపోయినా

బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ 2005లో రెప్‌రాప్ మొదలుపెట్టారు. తన విడిభాగాలు తనే చాలావరకు అచ్చువేసుకునే ప్రింటర్, దాని డిజైన్ అందరికీ. 2009లో స్ట్రాటసిస్ కంపెనీ కీలక పేటెంట్ గడువు తీరాక ఆ డిజైన్ల నుంచే చవక ప్రింటర్లు పుట్టుకొచ్చాయి. మన బడుల్లో కనిపించేవాటిలో చాలా వరకు ఆ వంశమే. మోడల్‌ని పొరలుగా కోసే క్యూరా కూడా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే.

ప్రింటింగ్ నేర్పేటప్పుడు రెండు సంగతులు చాలు. ఒకటి, పొర మీద పొర పడుతుంది. 20 మిల్లీమీటర్ల ఎత్తున్న పిడికి 0.2 మిల్లీమీటర్ల పొరలైతే వంద. రెండు, గాలిలో పొర నిలవదు. 45 డిగ్రీల కంటే ఎక్కువ బయటికి వాలితే కింద ఆధారం కావాలి. ఇంటికి స్లాబు పోసేటప్పుడు సెంట్రింగ్ పెట్టి తర్వాత ఊడదీసినట్టు. మా ఊరి పిల్లలకి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

ఇక లెక్క చూడండి. ఒక్కొక్కరి వస్తువుకి రెండు గంటలు పడితే నలభై మందికి ఎనభై గంటలు. రోజుకి ఆరు గంటల చొప్పున పదమూడు రోజులు దాటుతుంది, మధ్యలో కరెంటు పోకపోతే. ప్రింటర్ చుట్టూ పాఠం కడితే ముప్పై తొమ్మిది మంది కూర్చుని చూడాలి. నేను ఎక్కువగా వాడేది కాగితం. బ్లెండర్‌కి పేపర్ మోడల్ అనే అనుబంధం ఉంది. మోడల్‌ని విప్పి, మడతలు, అతికించే రెక్కలతో సహా ఏ4 కాగితం మీద వలరూపంగా ఇస్తుంది. కత్తిరించి, మడిచి, మైదా జిగురు పెడితే తెర మీద ఉన్నది చేతిలోకి వస్తుంది, అందరికీ, అదే పీరియడ్‌లో.

కేరళ ఏం చేసింది

కేరళ బడుల్లో ఐటీ@స్కూల్ ప్రాజెక్టు 2001 ప్రాంతంలో మొదలైంది. ఆ దశాబ్దంలోనే బడి ఐటీ చదువు మొత్తాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోకి మార్చారు. 2017లో ఆ ప్రాజెక్టు కైట్ అనే ప్రభుత్వ సంస్థ అయింది. ఉబుంటు మీద కట్టిన సొంత గ్నూ లైనక్స్‌ని బడులకి ఇస్తోంది. పాఠ్యపుస్తకాల్లో ఇంక్‌స్కేప్, ఫొటోలు దిద్దే గింప్ లాంటివే ఉంటాయి. 2018 జనవరిలో లిటిల్ కైట్స్ పేరుతో హైస్కూళ్లలో పిల్లల క్లబ్బులు పెట్టారు. వాళ్లు యానిమేషన్, ఎలక్ట్రానిక్స్, మలయాళం టైపింగ్ నేర్చుకోవడమే కాదు, ల్యాబ్ బాగోగులు కూడా చూసుకుంటారు.

అక్కడ నన్ను ఆకట్టుకున్నది సాఫ్ట్‌వేర్ కాదు, ఆ గంటల లెక్క. ప్రతి బడిలో ఐటీ బాధ్యత చూసే టీచర్‌కి ఒక హోదా ఉంది. వాళ్లకి శిక్షణ ఇచ్చే మాస్టర్ ట్రైనర్లు కూడా బడి టీచర్లలోంచి వచ్చినవాళ్లే. ఏదైనా ఆగిపోతే బయటి కంపెనీకి కాకుండా, తమ భాషలో తమ కష్టం తెలిసినవాళ్లకి ఫోన్ చేస్తారు.

మన దగ్గర డబ్బు అసలే రావడం లేదనడానికి లేదు. 2016లో మొదలైన కేంద్ర ప్రభుత్వ అటల్ ఇన్నొవేషన్ మిషన్ కింద, పిల్లలు చేతులతో వస్తువులు చేసి నేర్చుకునే ఒక్కో టింకరింగ్ ల్యాబ్‌కి 20 లక్షల దాకా ఇస్తారు, అందులో సగం పరికరాలకి, సగం నిర్వహణకి. 2025 కేంద్ర బడ్జెట్‌లో అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో ఇంకో 50,000 ల్యాబ్‌లు పెడతామన్నారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే పేరున్న సంస్థ లాంటివి తెలుగులో లైనక్స్ తేవడానికి ఏళ్ల తరబడి పనిచేశాయి. పెట్టెలు వస్తాయి, వలంటీర్లు వస్తారు. టైమ్‌టేబుల్‌లో ఆ పీరియడ్, ఆ టీచర్‌కి వారానికి నాలుగు గంటల తీరిక, ఇవి రావడం లేదు. కొత్త ల్యాబ్ శాంక్షన్ అయిన బడుల వాళ్లు ప్రింటర్ ఏ బ్రాండ్ అని అడుగుతారు. ల్యాబ్ ఎవరు చూస్తారు, ఆ మనిషి సైన్స్ పీరియడ్లు ఎవరు తీసుకుంటారు అన్నది ముందు తేల్చుకోమని చెప్తాను.

కుళాయి పిడి సంగతి చెప్పాలి. ఆ పిల్ల ఫ్రీక్యాడ్‌లో మొదటి నుంచి మళ్లీ గీసింది. మొదటి ప్రింట్ బిగుతై ఎక్కలేదు. ప్లాస్టిక్ కరిగి చల్లారేటప్పుడు లోపలి చిల్లు కొంచెం చిన్నదవుతుంది. 7ని 7.3 చేసింది, ఎక్కింది. ఏప్రిల్ ఎండకి ఆ పిడి ఒంగిపోయింది. పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీలు దగ్గరపడితే మెత్తబడుతుంది, ఎండలో కాగిన ఇనప కుళాయి మీద దానికి అంత పెద్ద కష్టం అక్కర్లేదు. రెండోది వేడికి ఇంకొంచెం తట్టుకునే పీఈటీజీ ప్లాస్టిక్‌తో వేశాం, అది నిలబడింది.

ఇప్పుడు తను పది పాసై వేరే ఊళ్లో పాలిటెక్నిక్‌లో చదువుతోంది. ఫైలు తన పెన్‌డ్రైవ్‌లో ఉంది, మా ల్యాబ్‌లోనూ ఉంది. పోయిన నెల అవతలి వరసలో ఇంకో కుళాయి పిడి ఊడింది. అది వేరే రకం, మొన సన్నం. ఏడో తరగతి పిల్లాడు వెర్నియర్ పట్టుకెళ్లి కొలిచాడు, 6.4 వచ్చింది. అక్క ఫైలు తెరిచి, 7.3 ఉన్నచోట 6.7 అని కొట్టాడు.